వాన నీళ్లు ఎండిన బోరులోకి దించితే దాచుకున్నట్టా, పారబోసుకున్నట్టా?

మూడో అంతస్తు (గుంటూరు):
మా అపార్ట్‌మెంట్‌లో రెండు బోర్లున్నాయి. పాతది మూడేళ్లుగా ఎండి పడుంది. కొత్తది ఏప్రిల్ వచ్చిందంటే అరగంటకే గాలి కొడుతుంది, ఇక ట్యాంకర్లే గతి. మొన్న మీటింగ్‌లో ఒకాయన డాబా మీద పడే వాన నీళ్లన్నీ గొట్టం పెట్టి నేరుగా పాత బోరులోకి వదిలేద్దాం, వేసవిలో మనమే తోడుకోవచ్చు అన్నారు. నాకూ బాగానే అనిపించింది. డాబా నాలుగు వేల చదరపు అడుగులు, అయిదు సెంటీమీటర్ల వాన ఒక్కటి పడితే పద్దెనిమిది వేల లీటర్లు, అంటే మూడు ట్యాంకర్ల నీళ్లు కళ్లముందే మురుక్కాలవలో కలుస్తున్నాయి. కింది ఫ్లాటు పెద్దాయన మాత్రం "బోరూ పాడవుతుంది, నీళ్లూ పాడవుతాయి, అసలు లోపలికెళ్లాక అవి మన నీళ్లే అని ఎవడు చెప్పాడు" అని లేచి వెళ్లిపోయారు. ఎవరిది రైటంటారు?

పటమట పాతకాపు (విజయవాడ):
ఇందులో డౌటేముందండీ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా అక్కావాళ్ల ఇంట్లో నడుములోతు నీళ్లు, తాగడానికి మాత్రం గ్లాసెడు లేవు. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి పోయాయి. బ్యారేజీలో పట్టేది మూడు టీఎంసీలు, పైన పులిచింతలలో 45. కొత్త డ్యామ్ కట్టాలంటే ఊళ్లు మునగాలి, కట్టాక ఎండకి ఏటా మీటరున్నర పైగా నీళ్లు ఆవిరైపోతాయి. భూమి లోపలి ఖాళీకి ఆ బాధ లేదు కదా. డాబా నీళ్లేంటి, కృష్ణ వరదనే బోర్లలోకి దించాలంటాను నేను.

లెక్కల మాస్టారు (తెనాలి):
పాతకాపు గారూ, మీ అక్కావాళ్లు పడ్డ బాధ అర్థమైంది, కానీ లెక్క చూడండి. క్యూసెక్కంటే సెకనుకి 28 లీటర్లు. ఆ రోజు వరద సెకనుకి మూడు కోట్ల ఇరవై లక్షల లీటర్లు. ఒక్కో బోరు సెకనుకి పది లీటర్లు మింగుతుందనుకున్నా (మన బండలో అంత మింగితే ఆ బోరుకి దణ్ణం పెట్టాలి) 32 లక్షల బోర్లు కావాలి, అదీ బురద నీళ్లు మింగుతూ. భూమికి పొట్ట పెద్దదే, గొంతే సన్నం.

ఇంకో తిరకాసుంది. నరసరావుపేట, వినుకొండ వైపు కింద ఖాళీ ఉంది, కానీ అది బండ. నీళ్లుండేది పగుళ్లలోనే, ఘనపు మీటరు రాయిలోంచి తోడుకోగలిగేది పది ముప్పై లీటర్లకి మించదు. అదే ఇసుకలో అయితే నూట యాభై, రెండొందల దాకా వస్తుంది. ఆ ఇసుకా ఒండ్రూ ఉన్నది మా డెల్టాలో. మా దగ్గరేమో కాలవలు పారే ఆగస్టులో నాలుగడుగులు తవ్వితే గోతిలో నీళ్లూరతాయి. ఇంక ఎక్కడ దాస్తారు? ఖాళీ ఉన్న చోట ఇంకదు, ఇంకే చోట ఖాళీ లేదు. వరద వచ్చిన వారంలో ఆ పని అయ్యేది కాదు. పైనున్న చెరువులు పూడిక తీసి నింపుకుని, నెలల తరబడి నెమ్మదిగా ఇంకనిస్తే కొంత అవుతుంది.

పటమట పాతకాపు:
మరి కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ వాళ్లు 1976 నుంచి భూమిలోకి ఎక్కిస్తున్నారుగా, సముద్రపు ఉప్పు లోపలికి రాకుండా మంచినీళ్లతో గోడ కట్టినట్టు. వాళ్లకి లేని గొంతు మనకేనా సన్నం?

లెక్కల మాస్టారు:
వాళ్లు ఎక్కించేది శుద్ధి చేసిన మురుగునీరు, అది ఏడాది పొడుగునా ఒకే తీరుగా వస్తుంది. ఇప్పుడున్న ప్లాంటు రోజుకి 49 కోట్ల లీటర్ల దాకా శుద్ధి చేయగలదు. సన్నటి పొరల్లో వడగట్టి, మన ఇంట్లో ఆర్వో లాంటిదాంట్లో దూర్చి, అతినీలలోహిత కాంతి కొట్టాకే వదులుతారు. మన వరద మూడు రోజుల పండగ. పైగా ఫ్లోరిడాలో శుభ్రమైన నీళ్లు దించినా కొన్ని చోట్ల ఆర్సెనిక్ బయటికొచ్చింది. నీళ్లతో పాటు వెళ్లిన ఆక్సిజన్ సున్నపురాయిలో ఉన్న పైరైటు అనే ఖనిజాన్ని కరిగించింది, అందులోని ఆర్సెనిక్ విషం నీళ్లలో కలిసింది. కింద ఏ రాయుందో చూడకుండా దించకూడదనడానికి అదొక్కటి చాలు.

బాపట్ల ఇసుకనేల:
మాస్టారూ, డెల్టా అంతా ఒకటే అన్నట్టు రాశారు, మా వైపు వేరండీ. సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల్లో మా తాతల నుంచీ దొరువులు (లోతు తక్కువ నీటి గుంటలు) తవ్వుకుని నారుమళ్లకీ కూరగాయలకీ తోడుకుంటున్నాం. వాన నీళ్లు ఇసుకలోకి దిగి కింద ఉప్పునీళ్ల మీద మీగడలా తేలుతుంటాయి, అది మా సహజమైన ట్యాంకు. అత్యాశకి పోయి మోటారు బిగించి లోతుగా లాగితే మీగడ పోయి కింది ఉప్పు పైకి తన్నుకొస్తుంది. లెక్క కూడా ఉంది: మంచినీటి మట్టం ఒక్క అడుగు దిగితే, అడుగునున్న ఉప్పునీరు నలభై అడుగులు పైకి వచ్చే వీలుంది. అందుకే బాపట్లలో ఉప్పునీటి మీద పని చేసే వ్యవసాయ శాస్త్రవేత్తలు దొరువునే మెరుగుపరిచి, ఇసుకలో చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, పైపైన నీళ్లు ఊటబావిలోకి చేరేలా చేశారు. దించడం గురించే అందరూ కొట్టుకుంటున్నారు, తీసేటప్పుడు ఎంత తీయాలో కూడా చూడాలి కదా.

బోర్ల మేస్త్రి:
అమెరికా సంగతి మీరు చూసుకోండి, నేను మూడో అంతస్తు గారికి చెబుతా. నేరుగా గొట్టం పెట్టొద్దు సార్. డాబా మీద పావురాల రెట్ట, దుమ్ము, ఆకులు అన్నీ బోరులోకి పోయి ఊటలు మూసుకుపోతాయి, ఆ మురికి పక్కోళ్ల బోర్లలో తేలుద్ది. పాత బోరు చుట్టూ పదడుగుల గొయ్యి తీయించండి. గొయ్యి లోపలుండే కేసింగుకి చిల్లులు పెట్టి నైలాన్ జాలీ చుట్టండి, అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక. సీజన్లో మొదటి ఒకటి రెండు వానలు బయటికి వదిలేయాలి, దానికో వాల్వు. ఇసుక ఏటా కడగాలి. పార్కింగ్ నీళ్లు మాత్రం అస్సలు కలపొద్దు, ఆయిలు ఉంటది. సెప్టిక్ ట్యాంకు దగ్గర్లో ఉంటే ఈ పనే మానుకోండి. మీది నల్లరేగడి అయితే ఉత్త ఇంకుడు గుంత తవ్వి డబ్బులు తగలేయకండి, పైన బంక తడిసి ఉబ్బి మూసుకుంటది, నీళ్లు కుంటలా నిలబడి దోమలు తప్ప ఏం రావు.

అరండల్‌పేట అద్దెకుంటున్నా:
కింది ఫ్లాటు పెద్దాయన మూడో మాటకి ఎవరూ జవాబు చెప్పలేదు. బండలో పగులు మీ ప్రహరీ దగ్గర ఆగదుగా. మీరు మూడొందల అడుగుల్లో దించింది, పక్క హాస్టలు ఎనిమిదొందల అడుగుల బోరుతో లాక్కుంటే ఏం చేస్తారు? 1882 నాటి చట్టం ప్రకారం మన దేశంలో ఎవరి స్థలం కింద నీళ్లు వాళ్లు తోడుకోవచ్చు. బోర్లు రిజిస్టర్ చేయించాలని 2002లో వాల్టా చట్టం వచ్చింది గానీ, మా వీధిలో చేయించిన వాళ్లెవరో నాకైతే తెలీదు. అరిజోనాలో 1996 నుంచి నీళ్ల బ్యాంకే ఉంది, ఎంత దించారో అక్కడ ఖాతాలో రాసుకుంటారు, తర్వాత ఆ లెక్కన తోడుకునే హక్కు వస్తుంది. మనకి పాస్‌బుక్కు లేని బ్యాంకు. ఖర్చు మీది, వడ్డీతో సహా హాస్టలుది.

పటమట పాతకాపు:
అలా లెక్కలేసుకుంటే ఎవడూ చుక్క దించడు. హాస్టలుకి పోతే పోనీండి, కాలవలోకి పోయేకంటే నయమేగా.

అరండల్‌పేట అద్దెకుంటున్నా:
చందా మీరు కడితే నయమే అన్నా 🙂

మూడో అంతస్తు (గుంటూరు):
అందరికీ థాంక్స్. నిన్న మళ్లీ మీటింగ్ పెట్టాం. మేస్త్రి గారు చెప్పినట్టు గొయ్యికి ఒప్పుకున్నారు. సెప్టిక్ ట్యాంకు వెనక వైపు బాగా దూరంగానే ఉంది, చూశాను. పెద్దాయన చందా ఇస్తానన్నారు గానీ ఒక షరతు పెట్టారు: పక్క హాస్టలు వాళ్లు కూడా తమ డాబా నీళ్లు ఇలాగే దించాలని, వెళ్లి అడిగే పని నాదని. హాస్టలు ఓనరు రెండు సార్లు వెళ్లినా దొరకలేదు. ఈలోగా మొదటి వానకి వాల్వు తిప్పేది ఎవరని ఇంకో గంట గొడవ. వాచ్‌మన్ రాత్రి పూట డాబా ఎక్కనంటాడు.