భువనగిరిలో రాక్ క్లైంబింగ్: ఫీజు, ఫారం, పర్మిషన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

మణికొండ శ్రీను
డిసెంబరులో మా ఆఫీసు వాళ్లం ఎనిమిది మందిమి, పదో తరగతి చదివే మా అక్క కొడుకు, భువనగిరిలో ఒక రోజు క్లైంబింగ్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఒక ఆర్గనైజర్ తలకి రెండు వేల దగ్గర చెప్పాడు. అందులో ఏమేం వస్తాయని అడిగితే "అన్నీ సార్" అంటాడు. "ఏం జరిగినా మాకు బాధ్యత లేదు" అని ఒక ఫారం కూడా వాట్సాప్‌లో పంపాడు. సంతకం పెట్టొచ్చా? ఇంత ఖర్చెందుకు, మనమే తాడు కొనుక్కుని హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల్లో ఎక్కేద్దాం అని టీమ్‌లో ఒకడి పోరు.

కోటగడప
మాది భువనగిరే అన్నా. కోట కౌంటర్‌లో ఇచ్చే టికెట్ వేరు, క్లైంబింగ్ ఫీజు వేరు. టికెట్ చాలా తక్కువ, మెట్లెక్కి పైకెళ్లి చూసి రావడానికే పనికొస్తుంది. తాడు కట్టి ఎక్కడం అందులో రాదు. ఇక్కడ క్లైంబింగ్ స్కూల్ ఉంది. 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ తీసుకున్నది ఈ రాతి మీదే. కోట రక్షిత కట్టడం కాబట్టి సొంతంగా వచ్చి మేకులు దిగ్గొడతామంటే ఊరుకోరు.

మీ ఆర్గనైజర్‌ని పర్మిషన్ ఎవరి పేరు మీద ఉంది, ఏ తేదీకి ఉంది అని అడగండి. కాగితం ఫోటో పంపమనండి. నిజంగా తీసుకున్నవాడైతే వెంటనే పంపుతాడు. "అక్కడ మనవాళ్లున్నారు సార్, చూసుకుంటాం" అన్నాడంటే నేనైతే అడ్వాన్స్ కట్టను.

"అన్నీ" అన్నదాంట్లో మామూలుగా ఉండనివి బూట్ల అద్దె, మధ్యాహ్నం భోజనం, గూడూరు టోల్. సికింద్రాబాద్‌లో కాజీపేట వైపు రైలెక్కితే ఆ టోల్ గొడవ కూడా ఉండదు. పొద్దున్నే మొదలుపెట్టండి. ఎండెక్కాక రాయి చెయ్యి పెట్టనివ్వదు, డిసెంబరైనా సరే.

నల్లకోటు
సంతకం పెట్టకపోతే తాడు కట్టనివ్వరు, కాబట్టి పెట్టాల్సిందే. కానీ చదివి పెట్టండి. పెద్దవాళ్ల విషయంలో ఆ ఫారం వల్ల జరిగేది ఇంతే: ఇందులో ప్రమాదం ఉందని ముందే చెప్పారు, మీరు ఒప్పుకున్నారు అనడానికి సాక్ష్యం. కాలు జారి మోకాలు గీరుకుపోతే వాళ్లని నిలదీయలేరు. అదే అరిగిపోయిన తాడు వాడారనుకోండి, బిలే (ఎక్కేవాడు పడిపోకుండా కింద నుంచి పట్టే తాడు) పట్టుకున్నవాడు ఫోన్ చూసుకుంటూ వదిలేశాడనుకోండి, ఆ ఒక్క లైను వాళ్లని కాపాడుతుందన్న గ్యారంటీ లేదు. డబ్బు తీసుకుని చేసిన సేవలో లోపం ఉందని 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు.

మీ మేనల్లుడి సంగతి వేరు. 18 నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, దాని మీద 1903లో మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన పై కోర్టు) ఇచ్చిన తీర్పు లా చదివే పిల్లలందరికీ నోటికొచ్చు. వాడి సంతకానికి విలువ లేదు. మేనమామ సంతకంతో సరిపెట్టకండి, అమ్మానాన్నల్లో ఒకరితో పెట్టించండి. అది కూడా పిల్లాడిని పంపడానికి ఇష్టపడ్డామని చెప్పడానికే. దెబ్బ తగిలితే వాడికి ఉండే హక్కు దానితో పోయిందని ఆర్గనైజర్ అనుకుంటే పొరపాటు.

ఫోటోలు ప్రచారానికి వాడుకుంటామని ఒక లైను ఉంటుంది చూడండి. ఇష్టం లేకపోతే కొట్టేసి పక్కన పొడి సంతకం పెట్టండి. ఆస్తమా, బీపీ లాంటివి అడిగే చోట మాత్రం దాచకండి, రేపు మీ మీదికే వస్తుంది.

హాస్టల్ బ్యాచ్
రిఫండ్ లైను కూడా చదవండి బ్రో. మాకు వాన పడి క్యాన్సిల్ అయింది, డబ్బులడిగితే "ఇంకో తేదీకి మారుస్తాం" అన్నారు. ఆ తేదీకి మాకు సెమిస్టర్ పరీక్షలు. పోయినట్టే.

పాలసీ పద్మ
క్లెయిమ్స్ చూసే ఉద్యోగం నాది. హెల్త్ పాలసీలకి ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) పెట్టిన ప్రామాణిక మినహాయింపుల్లో తొమ్మిదోది సాహస క్రీడలది. అందులో రాక్ క్లైంబింగ్‌ని పేరు పెట్టి మరీ రాశారు. అది చూసి చాలామంది ఆశ వదిలేసుకుంటారు. పూర్తిగా చదివితే అది ప్రొఫెషనల్‌గా పాల్గొనేవాళ్లకి అని ఉంటుంది. ఆదివారం సరదాగా వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అందులోకి రాడు. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల షరతులు మాత్రం కంపెనీని బట్టి మారతాయి, మీది తీసి చూసుకోండి. "ఇన్సూరెన్స్ ఉంది" అని ఆర్గనైజర్ అంటే కంపెనీ పేరు, పాలసీ నంబరు, తలకి ఎంత మొత్తం, ఆ రోజు తేదీ కవరైందా అని రాతలో తీసుకోండి.

గుట్టలరాజు
ఖాజాగూడ అంటున్న మీ ఫ్రెండ్‌కి చెప్పండి: టికెట్ లేదంటే ఎవరిదీ కాదని అర్థం కాదు. ఆ గుట్ట మీద ఫక్రుద్దీన్ ఔలియా దర్గా ఉంది, అనంత పద్మనాభస్వామి గుడి ఉంది. ఎవరైనా అభ్యంతరం చెబితే వాదన పెట్టుకోకుండా దిగిపోవాలి. కింద తక్కువ ఎత్తు బండల మీద క్రాష్ ప్యాడ్ (పడితే దెబ్బ తగలకుండా మందపాటి పరుపు) వేసుకుని బౌల్డరింగ్, అంటే తాడు లేకుండా ఎక్కడం, చేసేవాళ్లు ఉన్నారు, నేనూ చేస్తాను. కానీ తాడు కొన్నంత మాత్రాన ఎక్కలేరు. పైన యాంకర్ (తాడుని రాతికి బిగించే ఆధారం) కట్టడం తెలిసినవాడు, బిలే పట్టడం వచ్చినవాడు ఉండాలి. హార్నెస్ (తాడు తగిలించుకునే నడుము బెల్టు), హెల్మెట్ లెక్కేస్తే ఆ రెండు వేలే చవక. అద్దెకిచ్చే సామాను ఎంత పాతదో కూడా అడిగి చూడండి. వాడకపోయినా పదేళ్లు దాటితే తాళ్లు, హార్నెస్‌లు పక్కన పెట్టేయమని చాలా కంపెనీలే చెబుతాయి.

గోల్కొండలో ట్రై చేద్దామని మాత్రం అనుకోవద్దు. భారతీయులకి 25 రూపాయల టికెట్ లోపలికి వెళ్లి చూడటానికే. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాన్ని పాడు చేస్తే రెండేళ్ల వరకూ జైలు, లక్ష దాకా జరిమానా.

ఇంకా నిర్ణయించుకోకపోతే ముందు ఒక రాక్ వాక్‌కి (రాళ్ల మధ్య నడుస్తూ చూసి రావడానికి) వెళ్లి రండి. ఇక్కడి రాళ్లని కాపాడాలని 1996 నుంచి పనిచేస్తున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు పెడుతుంటారు. ఈ గ్రానైట్ వయసు 250 కోట్ల ఏళ్లు అంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

కోటగడప
తేనెపట్లు కూడా చూసుకోవాలి. కొండ తేనెటీగలు లేచాయంటే తాడు మీద వేలాడుతున్నవాడికి పారిపోయే దారుండదు. సెంట్లు కొట్టుకుని రావద్దు, రాతి దగ్గర పొగ పెట్టొద్దు.

మణికొండ శ్రీను
అందరికీ థాంక్స్. పర్మిషన్ కాగితం వచ్చింది, డిసెంబరు తేదీయే ఉంది. పాలసీ నంబరు అడిగితే "రేపు చెప్తా" అంటున్నాడు, అది వచ్చేదాకా డబ్బు కట్టను. బావగారు ఫారం చదివి "ఇదేంట్రా, పిల్లాడిని యుద్ధానికి పంపుతున్నావా" అన్నారు. అక్క సంతకం పెడుతుందట. ఇంకోటి, క్లైంబింగ్ బూట్లు అక్కడే ఇస్తారా? నాది 11 సైజు.

గుట్టలరాజు
ముందే ఫోన్ చేసి అందరి సైజులూ చెప్పండి. పెద్ద సైజులు తక్కువ ఉంటాయి. లేకపోతే అడుగు గట్టిగా పట్టే స్పోర్ట్స్ షూస్ తెచ్చుకోండి, మొదటిసారికి చాలు.