ఎండాకాలం ఓవర్‌క్లాక్, వాటర్ కూలర్ ఉన్నా 100 డిగ్రీలు: మన గోదావరి వాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు?

కోనసీమ_కోర్:
నమస్కారమండి అందరికీ. మాది అమలాపురం పక్కన, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను, అందుకని సిస్టం మీద కాస్త ఎక్కువే పెట్టాను. ఐ7-12700కె ప్రాసెసర్, 240 ఎంఎం ఏఐఓ (పంపు, గొట్టాలు, రేడియేటర్ అన్నీ కలిపి బిగించి వచ్చే) వాటర్ కూలర్, జడ్690 బోర్డు. డిసెంబర్లో తీరిగ్గా కూర్చుని ఓవర్‌క్లాక్ చేశాను, అంటే పీ-కోర్లన్నీ (బరువు పనులు చేసే పెద్ద కోర్లు) మామూలు వేగం దాటించి 5.0 గిగాహెర్ట్జ్‌కి లాక్ చేశాను, లోడ్‌లో 1.33 వోల్టులు తీసుకుంటోంది, సినీబెంచ్ (ప్రాసెసర్ మీద పూర్తి లోడ్ పెట్టే టెస్టు) పది నిమిషాలు తిప్పితే 84 డిగ్రీలు దాటలేదు, సరే బాగుంది కదా అని వదిలేసి పనిలో పడిపోయాను. ఇప్పుడు మే మూడో వారం. అదే సెట్టింగు, ఒక్క అంకె మార్చలేదు, మూడో నిమిషానికే 97, ఇంకాసేపటికి 100 తగలడం, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (టెంపరేచర్లూ అవీ చూపించే సాఫ్ట్‌వేర్) థర్మల్ థ్రాట్లింగ్ (వేడి ఎక్కువై ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకోవడం) దగ్గర ఎర్రగా యెస్ అని రావడం, క్లాకు 4.5కి జారిపోవడం. అసలు బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూ) ఏమీ ముట్టుకోకపోతేనే అన్ని పీ-కోర్లూ కలిసి 4.7 పరిగెడతాయి, అంటే నేను ఓవర్‌క్లాక్ చేసి మరీ మామూలు కన్నా నెమ్మదిగా నడుపుతున్నట్టు. ముహూర్తాల రోజులు, మూడు గంటల్లో అవ్వాల్సిన రెండరు ఇంకో ఇరవై నిమిషాలు లాగుతోంది, రోజుకి మూడు పెడితే గంట పోతోంది. గదిలో గోడ మీద థర్మామీటరు 37 చూపిస్తోంది. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు మార్చాలా, 360 ఎంఎం కూలర్ కొనాలా, లేక కూలరే పోయిందా?

తణుకు_టెక్:
కూలర్ పోయిందని అప్పుడే అనుకోకండి. డిసెంబర్లో రాత్రిపూట మీ గది 24 ఉందనుకుందాం, ఇప్పుడు 37, తేడా 13. మీ 84కి 13 కలపండి, 97. మీకు మూడో నిమిషంలో కనబడింది అదే కదండీ. నీళ్ళయినా గాలయినా చివరికి వేడిని దింపేది గదిలో గాలిలోకే, రేడియేటర్‌లోకి వెళ్ళే గాలి ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. వాటర్ కూలర్ ఎంత పెద్దదయినా గది కన్నా చల్లగా చెయ్యలేదు, అది ఫ్రిజ్ కాదు. రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోహిణి ఇంకా మొదలవ్వలేదు, కాబట్టి సెట్టింగు ఆ ఎండని చూసి పెట్టుకోవాలి గానీ డిసెంబర్ చలికి కాదు.

ఇంకొకటి. కూలర్ సాఫ్ట్‌వేర్‌లో లిక్విడ్ టెంపరేచర్ కనిపిస్తుందేమో చూడండి, అసలు అంకె అదే. కోర్ల టెంపరేచర్ లోడ్ పడగానే సెకన్లలో ఎగురుతుంది, ఆపగానే దిగిపోతుంది, నీళ్ళు అలా కాదు, బిందెలో నీళ్ళు కాగినట్టు మెల్లగా కాగి ఇరవై ముప్పై నిమిషాలకి ఒకచోట నిలబడతాయి. మీరు పెట్టేది మూడు గంటల రెండరు అయినప్పుడు పది నిమిషాల సినీబెంచ్ చూసి ఏం తేలుతుంది? అరగంట తిప్పండి, అప్పుడు నీళ్ళు ఎంతో, గది ఎంతో రెండూ రాసి ఇక్కడ పెట్టండి. ఏఐఓల్లో నీళ్ళు 60 దాటకూడదు, పంపుకీ గొట్టాలకీ మంచిది కాదు.

గోదారిగట్టు:
రాజమండ్రి నుంచండి. నాది రైజెన్ 7 5800ఎక్స్, అది 90 తగలగానే వెనక్కి తగ్గిపోతుంది, పైగా ఒకే చిన్న చిప్లెట్‌లో (చిప్పు ముక్కలో) ఎనిమిది కోర్లు కాబట్టి వేడంతా రూపాయి బిళ్ళంత కూడా లేని చోట నుంచి రావాలి, ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా ఆ ఇరుకు పోదు. రెండేళ్ళు ఫ్యాన్లు మార్చి పేస్టులు మార్చి డబ్బు తగలేసి చివరికి తెలుసుకున్నదేంటంటే వోల్టేజీ తగ్గించడమే అసలు కూలింగ్ అని.

లెక్క చూడండి. ప్రాసెసర్ తినే కరెంటు క్లాకు పెరిగితే దాంతోపాటే పెరుగుతుంది, కానీ వోల్టేజీ పెరిగితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. మీరు 1.33 నుంచి 1.24కి రాగలిగితే 1.24ని 1.33తో భాగించి వర్గం చెయ్యండి, 0.87 వస్తుంది, అంటే క్లాకు ఒక్క మెగాహెర్ట్జ్ తగ్గించకుండానే 13 శాతం వేడి పోయింది. అదే వోల్టేజీ ఉంచి క్లాకు 5.0 నుంచి 4.9కి తగ్గిస్తే పోయేది 2 శాతమే. కానీ ఆ 100 మెగాహెర్ట్జ్ వదిలేస్తేనే వోల్టేజీ కిందకి దిగడానికి చోటు దొరుకుతుంది, అదీ కిటుకు. చివరి 100 మెగాహెర్ట్జ్ కోసం మనం ఇచ్చే వోల్టేజీ అంతా వేడి కిందే పోతుందండి, అది నా అభిప్రాయం, నేనైతే ఎండాకాలం దాని జోలికి వెళ్ళను. నేను కర్వ్ ఆప్టిమైజర్‌లో (రైజెన్‌లో కోర్ల వోల్టేజీ తగ్గించే సెట్టింగు) అన్ని కోర్లకీ మైనస్ 20 పెట్టాను, మంచి కోర్లు రెండిటికి మైనస్ 10 చాలు, ఎక్కువ తగ్గిస్తే ఖాళీగా ఉన్నప్పుడే రీస్టార్ట్ అయిపోయేది.

లంకలో_గేమర్:
అన్నా ముందు రేడియేటర్ విప్పి చూడు. మా ఇంటికి రెండు ఇళ్ళ అవతల కొబ్బరి పీచు ఆడించే మిషను ఉంది. మా పీసీ బయటి నుంచి చూస్తే తళతళలాడుతూ ఉండేది, నెలకోసారి బ్లోయర్ కొట్టేవాడిని, అయినా టెంపరేచర్లు ఎక్కుతూనే ఉన్నాయి. ఒకరోజు ఫ్యాన్లకీ రేడియేటర్‌కీ మధ్య స్క్రూలు తీసి ఫ్యాన్ పైకెత్తితే కింద పల్చటి గోధుమ రంగు గుడ్డ పరిచినట్టు ఉంది, వేలితో ఒక మూల పట్టుకుని లాగితే చిరక్కుండా పొరంతా ఒకటే ముక్కగా వచ్చేసింది, చాపలాగా. పీచు పొడి, దాని మీద తేమ, దాని మీద మళ్ళీ పొడి. బ్లోయర్ బయటి నుంచి కొట్టినప్పుడల్లా ఆ పొర రెక్కలకి ఇంకా గట్టిగా అంటుకుపోయింది తప్ప పోలేదు. అది తీశాక అదే గదిలో అదే ఆటలో నీళ్ళు 6 డిగ్రీలు తగ్గాయి. ఫ్యాన్ విప్పకుండా క్లీన్ చేశాను అనుకోవద్దు.

తణుకు_టెక్:
ఇది నిజం. మా వైపు రైసు మిల్లుల ఊక దుమ్ము ఇలాగే చేస్తుంది. రెక్కలు వంగకుండా మెత్తటి పెయింట్ బ్రష్షుతో, రెక్కల వెంట పైనుంచి కిందకి తుడవండి, అడ్డంగా కాదు.

భీమవరం_బెంచ్:
నేను ఒక తప్పు చేశాను, ఇంకెవరూ చెయ్యకూడదని రాస్తున్నాను. మాది కస్టమ్ లూప్, అంటే పంపు, గొట్టాలు, రేడియేటర్ విడివిడిగా కొని మనమే బిగించుకునే వాటర్ కూలింగ్. మా ఊళ్ళో ఐసుకి కొదవ లేదు కదండీ, రొయ్యలకి వెళ్ళే ఐసు. పోయిన ఏడాది మే నెలలో బెంచ్‌మార్క్ స్కోరు కోసం ఒక రాగి గొట్టం చుట్ట లూప్‌కి కలిపి దాన్ని ఐసు ముక్కలు వేసిన బకెట్‌లో ముంచాను. నీళ్ళు 14కి దిగాయి, ప్రాసెసర్ 5.3 దగ్గర 60ల్లో నడిచింది, నిజంగా సంబరపడిపోయాను. ఇరవై నిమిషాల తర్వాత చూస్తే బ్లాకు (ప్రాసెసర్ మీద కూర్చునే, లోపల నీళ్ళు పారే లోహపు ముక్క) దగ్గర ఫిట్టింగు మీద చెమట పట్టినట్టు చిన్న చిన్న బొట్లు, మజ్జిగ గ్లాసు బయట పట్టినట్టే. గుడ్డతో తుడిచాను, నిమిషంలో మళ్ళీ పట్టింది. ఇంకో గుడ్డ తీసుకొచ్చే లోపు ఒక బొట్టు గొట్టం వెంట జారి గ్రాఫిక్స్ కార్డు స్లాటు మీద పడింది, స్క్రీన్ పోయింది, మళ్ళీ రాలేదు. బోర్డు, కార్డు రెండూ పోయాయి.

లూప్ ఎక్కడా లీక్ లేదు. మన దగ్గర సముద్రం గాలి, చుట్టూ చెరువులు, మే నెలలో గాలిలో తేమ ఎంతంటే 26, 27 డిగ్రీల వస్తువు కనబడినా చాలు దాని మీద నీరు పట్టేస్తుంది, దాన్నే డ్యూ పాయింట్ అంటారు. హైదరాబాద్‌లో ఎండాకాలం ఎవరో చేసి చూపించిన వీడియో చూసి ఇక్కడ చెయ్యకూడదు, అక్కడి గాలి పొడి గాలి. మామూలు ఏఐఓకి ఈ భయం లేదు, దాని నీళ్ళు ఎప్పుడూ గది కన్నా వేడిగానే ఉంటాయి.

పాలకొల్లు_పీసీ:
అయ్యో, రెండూ పోయాయా అన్నా. రాసి మంచి పని చేశారు.

నాదొక డౌటు. గదిలో ఎయిర్ కూలర్, అదే గడ్డి కూలర్, పీసీ ముందు పెడితే పనికొస్తుందా? ఏసీ కరెంటు బిల్లు భరించలేక అడుగుతున్నాను. ఇంకొకటి, కస్టమ్ లూప్‌లో మినరల్ వాటర్ టిన్ను నీళ్ళు పోసుకోవచ్చా?

గోదారిగట్టు:
కూలర్ వద్దండి. గడ్డి కూలర్ చల్లబరిచేది నీళ్ళు ఆవిరవ్వడం వల్ల, గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి ఎక్కడికి పోతుంది? పడమటి గాలి కొట్టే పొడి రోజుల్లో మా రాజమండ్రిలో కొంచెం పనిచేస్తుంది, మీ పాలకొల్లులో రెండు డిగ్రీలు తగ్గితే గొప్ప, పైగా ఆ తడి గాలి, నీటి తుంపర నేరుగా క్యాబినెట్‌లోకి వెళ్ళి కనెక్టర్లు పచ్చగా చిలుం పడతాయి. దాని బదులు గది తలుపు తీసి, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి. ప్రాసెసరూ కార్డూ కలిపి 450 వాట్లు తింటే ఆ 450 వాట్లూ వేడిగా మీ గదిలోనే కూర్చుంటాయి, చిన్న గది తలుపు మూస్తే గంటలో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కడం నేను కొలిచి చూశాను.

భీమవరం_బెంచ్:
టిన్ను నీళ్ళు వద్దు తమ్ముడూ, అవి తాగడానికే. అందులో లవణాలు ఉంటాయి, ఇక బోరు నీళ్ళయితే తీరం వైపు ఉప్పే, బ్లాకులో వెంట్రుకంత సన్నటి సందుల్లో తెల్లగా గార కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, అందులో పాచి పట్టకుండా మందు, లేదంటే రెడీమేడ్ కూలెంట్. రాగి బ్లాకు ఉంటే అల్యూమినియం రేడియేటర్ కలపకు, రెండు లోహాలు ఒకే నీళ్ళలో ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది.

కోనసీమ_కోర్:
అందరికీ చాలా థ్యాంక్సండి. రాత్రి అరగంట తిప్పి చూశాను. గది 37, నీళ్ళు 52, ప్రాసెసర్ 100, ప్యాకేజీ పవర్ థ్రాటిల్ అవ్వకముందు 230 వాట్లు. పొద్దున్నే ఫ్యాన్లు విప్పాను, లంక తమ్ముడు చెప్పినంత కాదు గానీ బూడిద రంగు పొర ఉంది, ఒక ఫ్యాన్ కింద సగం రెక్కలు కనపడట్లేదు. ఇంకోటి, వాటర్ కూలర్ ఆన్ చేసినప్పుడు పంపులో గుడగుడమని చప్పుడు వస్తోంది, రెండు నిమిషాలకి పోతుంది. రేడియేటర్ ముందు వైపు పెట్టాను, గొట్టాలు పైకి ఉన్నాయి.

తణుకు_టెక్:
ఆ చప్పుడు గాలి బుడగ. గొట్టాల్లోంచి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా నీరు ఆవిరైపోతుంది, ఆ ఖాళీలో గాలి చేరుతుంది, గాలి ఎప్పుడూ ఎత్తుగా ఉన్న చోటుకి పోతుంది. ముందు వైపు పెట్టి గొట్టాలు పైకి ఉంటే ఆ గాలి గొట్టం మూతి దగ్గరే చేరి పంపులోకి లాగబడుతుంది. వీలైతే రేడియేటర్ క్యాబినెట్ పైన బిగించండి, లేదా ముందే ఉంచి తిరగేసి గొట్టాలు కిందకి వచ్చేలా పెట్టండి, రేడియేటర్ పై అంచు మాత్రం పంపు కన్నా ఎత్తులో ఉండాలి. పంపు వేగం బయోస్‌లో ఎప్పుడూ ఫుల్, దాన్ని ఆటోలో వదలొద్దు. ఫ్యాన్లని మాత్రం నీళ్ళ టెంపరేచర్‌కి కట్టండి, ప్రాసెసర్‌కి కడితే ఫోల్డర్ తెరిచినప్పుడల్లా అరుస్తాయి.

పాలకొల్లు_పీసీ:
12వ జనరేషన్ కాబట్టి ఇంకో మాట. ఆ సాకెట్ క్లిప్పు ప్రాసెసర్‌ని మధ్యలో నొక్కి కొద్దిగా వంచేస్తుంది, పైన ఉన్న లోహపు మూత పల్లంగా అయి కూలర్ సరిగా ఆనదు. పేస్టు తీసినప్పుడు అచ్చు చూడండి, అంచుల దగ్గర పల్చగా, మధ్యలో మందంగా ఉంటే అదే. కాంటాక్ట్ ఫ్రేమ్ అని చిన్న అల్యూమినియం చట్రం దొరుకుతుంది, నాకు దాంతో 5 డిగ్రీలు తగ్గింది. స్క్రూలు మరీ బిగించకండి, మెమరీ స్టిక్కులు కనిపించకుండా పోతాయి.

కోనసీమ_కోర్:
నాలుగు రోజులయింది, పని ఒత్తిడిలో రాయలేకపోయాను. రేడియేటర్ శుభ్రం చేసి పైకి మార్చాను, గుడగుడ పోయింది. 5.0ని 1.27కి దింపితే సినీబెంచ్ అయిపోయేది గానీ హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో డబ్ల్యూహెచ్ఈఏ ఎర్రర్లు (హార్డ్‌వేర్ తప్పు చేసిందని విండోస్ రాసిపెట్టేవి) వచ్చాయి, పెళ్ళివాళ్ళ ఫుటేజీతో ఆ రిస్కు వద్దనిపించి 4.9 దగ్గర ఆగాను. 4.9కి లోడ్‌లో 1.24, ఒక రాత్రంతా ఓసీసీటీ (తప్పులు వస్తున్నాయేమో చూసే టెస్టు) తిప్పాను, ఒక్క ఎర్రరు లేదు. పవర్ 196 వాట్లు. నిన్న మధ్యాహ్నం రెండున్నరకి, గది 37 ఉన్నప్పుడు, ఒక రిసెప్షన్ వీడియో పెట్టాను: నీళ్ళు 46 దగ్గర నిలబడ్డాయి, ప్రాసెసర్ 86, క్లాకు మొదటి నిమిషం నుంచి చివరి వరకు 4.9 కదల్లేదు. మధ్యలో కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్ళింది, అయినా ఆగలేదు. మూడు గంటల ఐదు నిమిషాల్లో అయింది.

కూలర్ తీసినప్పుడు పేస్టు అచ్చు పాలకొల్లు ఆయన చెప్పినట్టే ఉందండి, మధ్యలో మందంగా, రెండు అంచులా లోహం మెరుస్తోంది. ఫ్రేమ్ ఆర్డర్ పెట్టాను. వచ్చాక ఇదే గదిలో ఇదే మధ్యాహ్నం టైముకి మళ్ళీ కొలిచి అంకెలు పెడతాను.