పర్లాకిమిడిలో ఫంక్షన్ హాలు: ఒక్క గేటు సరిపోతుందా?

అడిగింది: హాలు ఓనరు, పర్లాకిమిడి

పాతపట్నం వెళ్లే రోడ్డు మీద మాకు దాదాపు 50 సెంట్ల స్థలం ఉంది. రోడ్డు వైపు 120 అడుగులు, లోతు 180. అందులో 60 x 100 అడుగుల హాలు కడదామని. ఇంజనీరు గారు మధ్యలో ఒక పెద్ద గేటు పెట్టి, చుట్టూ 40 కార్లు గీసిచ్చారు. "గేటుకో వాచ్‌మన్ కావాలి, ఒక్కటి చాల్లే" అని మా బావగారు. నాకైతే టెన్షన్‌గా ఉంది. ఇక్కడ తెలుగు పెళ్లిళ్లూ అవుతాయి, ఒడియా పెళ్లిళ్లూ అవుతాయి. బరాత్ వచ్చిందంటే గేటు ముందే అరగంట డాన్సులు. అప్పుడు కార్లు ఎటు పోవాలి?

జవాబు: డ్రాఫ్ట్స్‌మన్, బరంపురం

ముందు ఆ 40 సంగతి. కారుకి తిరిగే దారితో కలిపి 23 చదరపు మీటర్లు వేస్తారు. 40 కార్లకి 920. మీకు హాలు పోగా 1,450 దాకా ఖాళీ ఉంది కాబట్టి కాగితం మీద సుఖంగా పడతాయి. నేల మీద పడవు. నిలువుగా పెట్టే కారుకి 5 మీటర్లు, దాని వెనక దారికి 6 మీటర్లు, అంటే 36 అడుగుల పట్టీ కావాలి. అది మీకు ఒక పక్కనా వెనకా మాత్రమే వస్తుంది. 20 కార్లు పడితే గొప్ప.

గేట్లు రెండు పెట్టండి. హాలు గుమ్మంలో రోడ్డు వైపు తిరిగి నిలబడండి. మీ కుడిచేతి వైపు గేటు లోపలికి, ఎడమచేతి వైపుది బయటికి. మనం రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి మీ వైపు వచ్చే బండికి ముందు కుడి గేటే తగులుతుంది. పైగా అలా వచ్చి గుమ్మం ముందు ఆగితే ఎడమ తలుపు హాలు వైపే తెరుచుకుంటుంది. పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ బండి చుట్టూ తిరిగి రానక్కర్లేదు. దింపేసిన కారు ఎడమ పక్క పార్కింగ్‌లోకి పోతుంది.

బరాత్‌కి మధ్యలో వేరే గేటు, 12 అడుగులది, రోడ్డు నుంచి 20 అడుగులు లోపలికి జరిపి పెట్టండి. ఆడేది మీ స్థలంలోనే ఆడతారు, రోడ్డు ఆగదు. ఆటోలూ ఆ జాగాలోనే దింపుతాయి. నడిచొచ్చే వాళ్లు కార్ల దారిని దాటే చోట నేలని నాలుగంగుళాలు ఎత్తు చేయించండి. బోర్డు పెడితే ఎవడూ చదవడు, ఎత్తు ఉంటే ప్రతివాడూ బ్రేక్ వేస్తాడు. పక్కనే 1:12 వాలుతో (అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు) ర్యాంపు.

గీత ఖాయం చేసే ముందు స్థలంలో సున్నం పోసి, మీ బావగారి కారునే తిప్పించి చూడండి. ఆయనకీ అర్థమవుతుంది.

జవాబు: వంటల కాంట్రాక్టరు, గుణుపురం

వంటవాళ్లని అందరూ మరిచిపోతారు. సిలిండర్లు, కూరగాయల వ్యాను, నీళ్ల ట్యాంకరు, అన్నీ పెళ్లివాళ్ల కార్ల మధ్యనుంచే రావాలంటే ఎలాగండీ? కుడి పక్కన 20 అడుగులు వదిలి వంటగది తలుపు అటే పెట్టించండి. ట్యాంకరు నిలబడ్డా పక్కనుంచి మనిషి పోగలగాలి.

జవాబు: డ్రాఫ్ట్స్‌మన్, బరంపురం

అవును, ఆ కుడి పక్క దారే ఫైరింజన్‌కీ పనికొస్తుంది, దానికి 6 మీటర్లు కావాలి. అక్కడ షామియానా వేయనివ్వకండి. గేటు మీద డెకరేషన్ వాళ్లు కట్టే ఆర్చి ఎత్తు 5 మీటర్లకి తగ్గకూడదు. బైకులు కార్ల కన్నా ఎక్కువ వస్తాయి, వాటికి ఎడమ గేటు దగ్గర విడిగా జాగా ఇవ్వండి.

హాలు ఓనరు, పర్లాకిమిడి

బాగుంది గురూగారూ. బావగారు మూడు గేట్లకి ఒప్పుకున్నారు గానీ, రోడ్డు వైపు రెండు షాపులు వేసి అద్దెకిద్దాం అంటున్నారు.

డ్రాఫ్ట్స్‌మన్, బరంపురం

మధ్యలో వేస్తే ఆటోలు దిగే జాగా పోతుంది. కుడి మూలన వద్దే వద్దు. ఒకటే కావాలంటే ఎడమ గేటుకి అవతల మూలన వేయండి. బయటికొచ్చే డ్రైవరు ముందు కుడివైపు చూస్తాడు కాబట్టి అక్కడ అంత అడ్డం కాదు. షాపు మెట్లు మాత్రం రోడ్డు మీదికి రానివ్వకండి.