సెమీ క్రిస్మస్ వాలంటీర్ల థ్రెడ్: ఆ గంటన్నరలో ఏం పెడదాం?

కందుకూరు అన్న (హాలు, ప్రోగ్రాం):
అందరికీ వందనాలు. డిసెంబర్ రెండో శనివారానికి డాలస్‌లో హాలు ఖాయమైంది. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదిన్నర దాకా మనదే. స్టార్లు, క్యారల్స్, వంట సంగతి ఎలాగోలా అయిపోతాయి. తేలాల్సింది ఆరు నుంచి ఏడున్నర వరకు ఏం చేస్తామన్నదే. "మారుతున్న లోకంలో మన సంఘం" అని బ్యానర్ వేయించమన్నారు కమిటీవాళ్లు. బ్యానర్ వేయిస్తాం సరే. పోయినసారిలా ఐదుగురు అతిథులు, ఐదు శాలువాలు, ఐదు ప్రసంగాలు అంటే మాత్రం నేను ఒప్పుకోను.

మనకు హాలు ఇస్తున్నది ఒక అమెరికన్ చర్చి. అడ్వాన్సు కట్టడానికి ఆదివారం పోతే ఆరాధనలో ముందు నాలుగు వరుసలే నిండి ఉన్నాయి, అందరూ తల నెరిసినవాళ్లే. గ్యాలప్ సర్వే ప్రకారం 1999లో ఏదో ఒక ప్రార్థనా స్థలంలో సభ్యత్వం ఉన్న అమెరికన్లు 70 శాతం, 2020లో 47 శాతం. నెల్లూరుకీ ఒంగోలుకీ మిషనరీలను పంపిన దేశం ఇదే. ఇక్కడ స్క్రీన్లకు, బ్యాండుకు, కాఫీకి ఏం లోటు? కాబట్టి స్టేజీ మీద ఎల్‌ఈడీ గోడ పెడితే పిల్లలు చర్చికి అతుక్కుపోతారని నాకైతే నమ్మకం లేదు.

మన ఒంగోలు కథే చూడండి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. 1876–78 ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలు. బాప్తిస్మం ఇమ్మని అడుగుతున్నా కరువు తీరేదాకా ఇవ్వలేదు, కూటి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని. కరువు పని అయిపోయాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మనందరికీ సండే స్కూల్ నుంచే కంఠతా వచ్చు. ఆ ముందు నెలల్లో కాలువగట్టున జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు.

అందుకే నా ప్రతిపాదన: ఒక్క ప్రసంగం, పదిహేను నిమిషాలు. మిగతా టైమంతా పిల్లల ప్రశ్నలకు. హాలు వెనకాల ఒక సహాయం టేబుల్.

కావలి అక్క (యవ్వనస్థులు):
ప్రశ్నలు పేర్లు లేకుండా చీటీల మీద రాయించాను తమ్ముడూ. చదివితే పెద్దవాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది. "చర్చిలో అందరూ సమానమైతే పెళ్లి సంబంధం దగ్గర కులం ఎందుకు అడుగుతారు?" అని ఒకటి. "ఇంట్లో బైబిల్ ఉంది, నాన్న సర్టిఫికెట్‌లో హిందూ అని ఎందుకుంది?" అని ఇంకొకటి. ఎస్సీలు ఎవరో తేల్చిన 1950 రాష్ట్రపతి ఆర్డర్ గురించి, క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోవడం గురించి, అలా మారినవాళ్లకు బీసీ-సీ కింద ఇచ్చే ఒక్క శాతం రిజర్వేషన్ గురించి ఇంట్లో ఎవరూ చెప్పరు. పిల్లలు గూగుల్‌లో చదువుకుని మనల్ని అబద్ధాలకోరులు అనుకుంటున్నారు. వీటికి జవాబు చెప్పగలిగినవాళ్లను స్టేజీ మీద కూర్చోబెట్టండి. ప్రార్థన చేసుకో అమ్మా అనే రకం వద్దు.

ఒంగోలు పెద్దాయన (ఆరాధన):
బాబూ, అన్నీ బాగానే ఉన్నాయి. వాక్యం పదిహేను నిమిషాలా? సాయం చేసేది, ప్రశ్నలు అడిగేది క్లబ్బుల్లో కూడా ఉంటుంది. క్లౌ దొర కన్నా ముందు తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన యెర్రగుంట్ల పేరయ్య నోటి మాటతోనే కదా మాదిగ పల్లెల్లో పని మొదలైంది. ఆయన కాలువ కాంట్రాక్టులేమీ తీసుకోలేదే.

కందుకూరు అన్న:
మీ మాట కాదనను పెద్దయ్యా. ఆయన మాట్లాడింది తన తోటి మనుషులతో, వాళ్ల భాషలో, వాళ్ల గడపలో కూర్చుని. మనం మైకులో మాట్లాడతాం. వాక్యానికి ఇరవై నిమిషాలు చేద్దాం, మీరే చెప్పండి. అంతకు ఒక్క నిమిషం మించితే అక్క గంట కొడుతుంది.

కనిగిరి తమ్ముడు (లైవ్, సౌండ్):
మా ఊరి చర్చితో లైవ్ పెడదాం అన్నా. అక్కడ ఆదివారం పొద్దున తొమ్మిది అంటే మనకు శనివారం రాత్రి తొమ్మిదిన్నర, భోజనాలు అయ్యాక సరిపోతుంది. కుర్రకారంతా హైదరాబాద్, బెంగళూరు పోయారు. ఆరాధన అయ్యాక అయ్యగారు చర్చి మెట్ల మీద కూర్చుంటే ముసలోళ్లు వరసగా ఫోన్లు చేతికిస్తారు. పెన్షన్ మెసేజ్ ఒకరిది, ఆధార్ ఓటీపీ ఒకరిది, కొడుకు దగ్గర్నుంచి వచ్చిన వాయిస్ ఒకరిది. ఆయన కళ్లజోడు నుదుటి మీదకు తోసి ఒక్కోటీ చదివి వినిపిస్తారు. మనవాళ్లకు చూపించాల్సింది అదే. ప్రసంగం వద్దని ముందే చెప్పేశాను, నవ్వారు.

గూడూరు చెల్లి (సహాయం టేబుల్):
టేబుల్ నేను చూసుకుంటా. ఉద్యోగం పోయిన హెచ్‌1బీ వీసావాళ్లకు ఈ దేశంలో ఉండడానికి మామూలుగా ఇచ్చే గడువు మహా అయితే 60 రోజులే. రెజ్యూమే చూసేవాళ్లు ఇద్దరు, ఇమ్మిగ్రేషన్ లాయర్ ఒకరు కావాలి. కొత్తగా వచ్చిన స్టూడెంట్లకు రూము, కారు రైడు అడగడానికే మొహమాటం, కాబట్టి టేబుల్ స్టేజీ పక్కన కాకుండా వంటగది దారిలో వేయండి. చర్చి సభ్యులా కాదా అన్న కాలమ్ ఫారంలో పెట్టడం లేదు. ఇది ముందే చెప్తున్నా, తర్వాత కమిటీలో రచ్చ వద్దు.

కావలి అక్క:
చేపల పులుసు సంగతి కూడా తేల్చండి. అది లేకుండా పండగేంటి అని నెల్లూరోళ్లు అంటున్నారు. హాలువాళ్లేమో కార్పెట్‌కు వాసన పడుతుందని చేప వద్దన్నారు.

కందుకూరు అన్న:
పులుసు లేదు, మటన్ పలావు, పెరుగు పచ్చడి. లాయర్‌ను తెలిసినవాళ్లు, కంజీర వాయించగలిగినవాళ్లు బుధవారం లోపల ఇక్కడే రాయండి. శాలువాల డబ్బు స్టూడెంట్ల భోజనానికి మళ్లిస్తున్నాను, అభ్యంతరం ఉంటే అది కూడా ఇక్కడే.