అప్‌డేట్: పడమటి కిటికీ గది ఎట్టకేలకు చల్లబడింది

పై అంతస్తులో ఉన్న మా పడకగది రాత్రి పదకొండైనా ఉడికిపోతోంది, ఏసీ లేకుండా ఏం చేయొచ్చని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది కిటికీకి బయటివైపు నీడ. లోపల మందపాటి కర్టెన్ ముందునుంచీ ఉంది. కానీ దానికీ అద్దానికీ మధ్య చెయ్యి పెడితే పొయ్యి దగ్గర పెట్టినట్టుండేది. ఎండ అద్దం దాటి వచ్చేశాక ఇక కర్టెన్ ఆపేదేముంది, ఆ వేడి గదిలోనే తిరుగుతుంది. ఇప్పుడు బయట, అద్దానికి జానెడు దూరంలో వెదురు తడక వేలాడదీశాను. సాయంత్రం అద్దం ముట్టుకుంటే చురుక్కుమనడం లేదు.

పగలు కిటికీలు మూసేసి, బయట చల్లబడ్డాకే తెరుస్తున్నాను. ఇన్నాళ్లూ పొద్దంతా తెరిచిపెట్టి వేడిగాలిని నేనే పిలుచుకున్నాను! రాత్రి టేబుల్ ఫ్యాన్‌ను కిటికీ బయటికి తిప్పి, పక్కగది కిటికీ తెరిస్తే గంటలో 34 డిగ్రీలు 31కి దిగింది.

తడి దుప్పటి వేలాడదీయడం మాత్రం దండగ. గాలిలో అసలే తేమ ఎక్కువ, ఉక్కపోత ఇంకా పెరిగింది. పొడిగాలి ఉన్నచోటైతే వేరు.

స్లాబ్‌కి తెల్లసున్నం ఇంకా వేయలేదు. సీలింగ్ అర్ధరాత్రి కూడా వెచ్చగానే తగులుతోంది, కాబట్టి తర్వాతి పని అదే.