వేరియబుల్ స్పీడ్ పూల్ మోటార్ పెట్టాక ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతోంది, ఏ టైప్ వాడాలి?

కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌కి పాత 1.5 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ పంపు మోటార్ తీసేసి, వేరియబుల్ స్పీడ్ మోటార్ పెట్టించాం. డ్రైవ్ (వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ యూనిట్) మోటార్‌లోనే ఉంది. వేగం సగం చేస్తే పంపు లాగే పవర్ దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది కాబట్టి, రోజంతా నెమ్మదిగా తిప్పితే బిల్లు తగ్గుతుందని మా ఆలోచన.

1500 ఆర్‌పీఎం దగ్గర ఏ ఇబ్బందీ లేదు. పూల్ ఫిల్టర్ బ్యాక్‌వాష్ (నీళ్లు ఎదురు తిప్పి శుభ్రం చేయడం) కోసం 2800కి పెంచితే మాత్రం రెండు మూడు నిమిషాల్లో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంట్ ఎర్త్‌కి ఆ మేర లీకైతే సప్లై ఆపేసే స్విచ్) పడిపోతోంది. ఓవర్‌లోడ్‌కి, షార్ట్ సర్క్యూట్‌కి పడే ఎంసీబీ మాత్రం పడట్లేదు. వాన పడినా, ఎండ కాసినా ఇదే తంతు.

కేబుల్‌కి మెగ్గర్ టెస్ట్ (ఇన్సులేషన్ పరీక్ష) చేయించాం, బాగానే ఉంది. ఎర్తింగ్ 2 ఓమ్‌ల లోపే. పూల్ లైట్లు, క్లోరినేటర్ వేరే లైన్‌కి మార్చినా తేడా రాలేదు. అదే లైన్‌కి పాత మోటార్ కలిపి చూస్తే గంటల తరబడి నడిచింది! ఆర్‌సీసీబీ కూడా కొత్తది వేశాం, కానీ అదీ టైప్ ఏసీనే (మామూలు ఏసీ లీకేజీని మాత్రమే గుర్తించే రకం).

ఎలక్ట్రీషియన్ 100 మిల్లీఆంప్స్‌ది వేసేద్దాం అంటున్నాడు. పిల్లలు దిగే నీళ్లండీ, దానికి మాత్రం నేను ఒప్పుకోను. డ్రైవ్‌లో ఎలక్ట్రికల్ నాయిస్ తగ్గించే ఫిల్టర్ నుంచి ఎర్త్‌కి వెళ్లే లీకేజీ వల్లే ఇలా అవుతోందని నా అనుమానం.

ఇలాంటి మోటార్ వాడుతున్నవాళ్లు చెప్పండి: 30 మిల్లీఆంప్స్‌ అలాగే ఉంచి ట్రిప్పింగ్ ఆగాలంటే టైప్ ఏ, ఎఫ్, బీలలో ఏ ఆర్‌సీసీబీ పెట్టాలి?