అంటార్కిటికా మొదటిసారి, ఒక్కదాన్నే: బూట్లు, వాంతుల మాత్రలు, ఇంకేం చూసుకోవాలి?

రాజమండ్రి_రమణి
అందరికీ నమస్కారమండీ. బ్యాంకులో వీఆర్ఎస్ తీసుకుని ఏడాదైంది, వయసు 57. వచ్చే డిసెంబరులో అర్జెంటీనా కొసన ఉషువాయా నుంచి బయల్దేరే పది రాత్రుల అంటార్కిటికా ఓడకి అడ్వాన్సు కట్టేశాను. తోడెవరూ లేరు. పాపికొండల లాంచీని వదిలేస్తే ఓడెక్కడం కూడా ఇదే మొదలు. రెండు సందేహాలు. దిగినప్పుడు వేసుకునే రబ్బరు బూట్లు ఓడవాళ్ళే ఇస్తారట. నాది పిల్లల పాదం, సరిపోయేవి ఉంటాయా? రెండోది, దక్షిణ అమెరికాకీ అంటార్కిటికాకీ మధ్య ఉన్న సముద్రం, డ్రేక్ పాసేజ్, దాటడానికి రెండు రోజులు పడుతుందట, వాంతులకి ఏ మాత్ర మంచిది? బీపీ మాత్ర రోజూ వేసుకుంటాను. గది షేరింగు తీసుకున్నాను, ఇంకో ఆడమనిషిని వాళ్ళే జతచేస్తారట.

నల్లగొండ_నాగమణి
అక్కా, ముందుగాల ఆ షేరింగ్ క్యాన్సల్ చేయించుకోండ్రి. నేను 2023 డిసెంబర్ల పోయొచ్చిన, ఒక్కదాన్నే, షేరింగ్‌లనే. నాతోని ఉన్నామె తెల్లారి నాలుగింటికి అలారం పెట్టుకునేది. ఆడ ఆ నెలల చీకటి అనేదే పడదు, పరదా సందులకెల్లి వెలుగు కొడ్తనే ఉంటది, ఇగ అలారం ఎందుకో ఆమెకే తెల్వాలె. మూడో రోజు నేను మామిడికాయ తొక్కు సీసా మూత తీసిన్నని రిసెప్షన్‌కు పోయి కంప్లెయింట్ ఇచ్చింది! "గదిల ఏదో కెమికల్ వాసన" అన్నదంట. పైసలు పోతే పోనీ, గది మనది మనకుండాలె.

డాలస్_పిల్ల
మైత్రి స్టేషన్ చూపిస్తారా ఆంటీ?

వాల్తేరు_వాసు
చూపించరమ్మా. మన పరిశోధనా కేంద్రాలు మైత్రి, భారతి ఉన్నవి ఖండానికి అటువైపు. ఈ ఓడలు తిరిగేది దక్షిణ అమెరికా వైపు పొడుచుకొచ్చిన పెనిన్సులా. రెంటికీ మధ్య వేల కిలోమీటర్లు.

రమణి గారూ, నేను ఇరవై రెండేళ్ళు మర్చంట్ నేవీలో ఇంజన్ రూములో చేసి రిటైరయ్యాను. షేరింగు వదలకండి. విడిగది అంటే ఒక్కరికి ఒకటిన్నర నుంచి రెండింతలు గుంజుతారు. ఓడలో గది నిద్రకే కదండీ, మిగతా టైమంతా డెక్ మీదో, ఒడ్డుకి తీసుకెళ్ళే జోడియాక్ రబ్బరు పడవలోనో ఉంటారు. ఇక తొక్కు సంగతి: మూసిన గదిలో ఆవకాయ సీసా విప్పితే ఎవరైనా కంప్లెయింట్ ఇస్తారు. అది గది తప్పు కాదు.

నల్లగొండ_నాగమణి
ఆవకాయ కాదు, తొక్కు. సీసా తీసింది ఒక్క నిమిషం. ఆమె సెంటు కొట్టుకుంటే పది రోజులు నేను మాట్లాడిన్నా?

వాల్తేరు_వాసు
అసలు ఊరగాయ అంత దూరం ఎందుకండీ? తిండిపదార్థం ఏదీ ఒడ్డుకి తీసుకెళ్ళకూడదని అయాటో నిబంధన. 1991లో టూరు కంపెనీలే కలిసి పెట్టుకున్న సంఘం అది. ఒకేసారి వంద మందికి మించి ఒడ్డున ఉండకూడదు, పెంగ్విన్‌కి అయిదు మీటర్లు ఎడం పాటించాలి. ఇవన్నీ ఓడలో క్లాసు తీసుకుని మరీ చెప్తారు.

నల్లగొండ_నాగమణి
ఒడ్డుకు తీస్కపోయిన్నని ఎవరన్నరు? డైనింగ్ హాల్లకే. ఓడల వెజ్ దొరుకుతది గని ఉప్పూకారం ఉండదు. నాకు క్లాసు చెప్పకుండ్రి, ఆ క్లాసుల నేను ముందు వరసల కూసున్న. దిగేముందు బట్టలు, బ్యాగులు అన్ని చూస్తరు. నా జాకెట్ వెల్క్రోల ఒక గడ్డిగింజ ఇరుక్కున్నది. నల్లగొండదే అయి ఉంటది, ఆ జాకెట్ తోని మా పొలానికి పోయిన. ఆ పిల్ల లైటు పెట్టి, ట్వీజర్‌తోని పట్టి తీసి, కాయిదంల సుట్టి పక్కన పెట్టింది. బర్డ్ ఫ్లూ భయానికి మంచు మీద కూసోనియ్యరు, మోకాలు గూడ ఆననియ్యరు, బ్యాగు కింద పెట్టనియ్యరు. ఇవన్ని తెల్సినదాన్ని తొక్కు ఒడ్డుకు తీస్కపోతనా?

హన్మకొండ_హరి
పాప్‌కార్న్ తెచ్చుకున్నా. కంటిన్యూ.

డాలస్_పిల్ల
అర్జెంటీనా వీసా సంగతి ముందు చూసుకోండి ఆంటీ. ఇన్సూరెన్సులో మెడికల్ ఇవాక్యుయేషన్ ఉందో లేదో కూడా. చాలా కంపెనీలు అది లేనిదే ఎక్కనివ్వవు.

రాజమండ్రి_రమణి
వీసాకి అప్లై చేశానమ్మా. ఇన్సూరెన్సు తీసుకున్నాను. బూట్ల గురించి ఎవరికైనా తెలుసా అండీ?

వాల్తేరు_వాసు
మాత్రల సంగతి చెప్తాను. చెవి వెనక అంటించే స్కోపలమిన్ పట్టీ అని ఉంది. ఓడ కదిలాక అంటిస్తే లాభం లేదు, గంటల ముందే పెట్టుకోవాలి. నోరు ఎండిపోతుంది, కొందరికి కళ్ళు మసకబారతాయి. మీకు బీపీ ఉంది కాబట్టి మీ డాక్టరుని అడక్కుండా పట్టీ గానీ, ఎవోమిన్ లాంటి మాత్ర గానీ ముట్టుకోవద్దు. ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది అడగండి, ఊపు తక్కువ. పై అంతస్తులో బాల్కనీ గదికి ఎక్కువ డబ్బు కట్టి ఎక్కువ కక్కుకుంటారు జనం.

ఈ రెండు రోజుల కోసమే పక్కన మనిషి ఉండాలంటున్నాను. రేటు గురించి కాదు.

నల్లగొండ_నాగమణి
ఇంతకుముందు రెండింతలు గుంజుతరని మీరే అన్నరు. ఇప్పుడు రేటు గురించి కాదా? డ్రేక్‌ల నా పక్క మంచం ఆమె రెండు రోజులు బకెట్ పట్టుకున్నది. ఆమెను సూసి నాకు మొదలైంది! కారిడార్ల పట్టుకునే కమ్మీలకు పొడుగూత వాంతి సంచులు చెక్కి పెడ్తరు, కుర్చీలు నేలకు గొలుసులేసి ఉంటయి. గట్లాంటి చోట ఇంకొకరి బకెట్ సప్పుడు వినుకుంట పండుమంటరా? మీరు మగోళ్ళు, ఇంజన్ రూములల్ల తిరిగెటోళ్ళు, మీకు తెల్వదు.

వాల్తేరు_వాసు
మగవాడినని తెలియదా? వాంతిలో ఆడామగా ఏముంటుందండీ. మీ గొడవ షేరింగుతో కాదు, ఆ ఒక్క మనిషితో. ఒక సీసా మూత కోసం వచ్చిన ప్రతివాళ్ళకీ లక్షలు కట్టమని సలహా ఇస్తున్నారు. ఇది బాధ్యత లేని మాట.

నల్లగొండ_నాగమణి
బాధ్యత మీ దగ్గర నేర్చుకోవాల్నా? ఒంటరిగ పోతున్న ఆడమనిషికి కాపలా పెడ్తుండ్రు మీరు. అంతకన్న ఏం లేదు.

నిర్వాహకుడు
కాస్త నెమ్మది. వ్యక్తిగతం వద్దు.

వాల్తేరు_వాసు
కాపలా అన్నారు కాబట్టి చెప్తున్నాను, లేకపోతే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. మా పెద్దన్నయ్య కాశీ వెళ్ళాడు, ఒక్కడే. లాడ్జిలో సింగిల్ రూము. రాత్రి రెండింటికో మూడింటికో గుండెపోటు వచ్చిందన్నారు డాక్టర్లు. తలుపు కొట్టింది మర్నాడు పదకొండింటికి, గది ఖాళీ చేసే టైమయిందని. బనీను మీద ఉన్నాడు, సెల్‌ఫోను అరచేతి పక్కనే ఉంది. పక్క మంచం మీద ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ఉన్నా "ఏమైందండీ" అనేవాడు కదా. అంటార్కిటికాలో హెలికాప్టర్ పిలిస్తే వచ్చేది కాదు. ఓడలో డాక్టరుంటాడు, ఆయన వల్ల కాకపోతే కింగ్ జార్జ్ దీవి దాకా ఓడ నడపాలి, వాతావరణం ఒప్పుకుంటే అక్కణ్ణుంచి చిలీలోని పుంటా అరేనస్‌కి విమానం. అంతా బాగుంటే లెక్క ఇది. బీపీ మనిషి అని చదివాక ఊరుకోలేకపోయాను.

నల్లగొండ_నాగమణి
అన్న, తెల్వక అన్న. మనసుల పెట్టుకోకుండ్రి.

గని నా మాట గూడ వినుండ్రి. చిన్నప్పుడు నలుగురం అక్కచెల్లెండ్లం ఒక్క చాపల పన్నం. పెండ్లయినంక అత్తమ్మ మంచం మా గదిలనే. మా ఆయన డయాలసిస్ అప్పుడు మూడేండ్లు హాస్పిటల్ స్టూల్ మీద. ఆయన పోయినంక పిల్లలు "అమ్మ ఒక్కతె ఉండొద్దు" అని మనుమరాలిని నా పక్కల పండబెట్టిన్రు. యాభై రెండేండ్లల నేను లోపలికెల్లి గొళ్ళెం పెట్టుకుని పన్నది ఒక్కదినం లేదు. ఓడల అయినా దొరుకుతదనుకున్న, రేటు చూసి షేరింగ్‌కు ఒప్పుకున్న. అదే నాకు ఇంక గుచ్చుతది. తొక్కు కాదు.

వాల్తేరు_వాసు
అర్థమైందమ్మా. అయినా నా మాట నాదే. గొళ్ళెం లోపల్నుంచి పెట్టుకుంటే బయటివాళ్ళు ఎలా వస్తారు?

నల్లగొండ_నాగమణి
ఓడల మాస్టర్ కీ ఉంటదన్న! ఇరవై రెండేండ్లు చేసినన్నరు?

రాజమండ్రి_రమణి
ఇద్దరికీ దండం. ఒక్క మాట చెప్తాను. నాకొచ్చిన కొటేషన్‌లో షేరింగు 8,400 డాలర్లు, విడిగా అయితే దానికి 1.7 రెట్లు. అంటే తేడాయే అయిదు లక్షల పైనే. నా దగ్గర లేవు. గది గురించి నేను అడగనే లేదండీ. అయినా నాగమణి గారు రాసింది చదివాక రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. నేను పదేళ్ళుగా ఒక్కదాన్నే పడుకుంటున్నాను, గొళ్ళెం పెట్టే. వాసు గారి అన్నయ్య సంగతి చదివి లేచి గొళ్ళెం తీసి పడుకున్నాను.

నిన్న కాగితం మీద పాదం పెట్టి పెన్సిలుతో గీసి కొలిచాను. 22 సెంటీమీటర్లు.

హన్మకొండ_హరి
యూరప్ లెక్కలో 35 అవుతుందండీ, దళసరి ఉన్ని సాక్సు వేస్తే 36. మీ కంపెనీకి ఇప్పుడే మెయిల్ పెట్టి ఆ సైజు రాయించుకోండి, లేదంటే ఉషువాయాలో అద్దెకిచ్చే షాపులున్నాయి. కాటన్ సాక్సులు మాత్రం వద్దు, తడిస్తే ఆరవు.

వాల్తేరు_వాసు
కింది మంచం అడగండి. డ్రేక్‌లో పై మంచం మెట్లు దిగలేరు.

నల్లగొండ_నాగమణి
గా మాటొక్కటి కరెక్ట్ చెప్పిండు.